ఆర్సెనిక్ జలశుద్ధిలో బాక్టీరియా

నీటిలో కరిగి ఉన్న ఆర్సెనిక్‌ను బాక్టీరియా ద్వారా తక్కువ విషం గల రూపంలోకి మార్చి, లేదా వడకట్టి తీయడానికి వీలైన రూపంలోకి తెచ్చి, ఆ నీటిని తాగడానికో ఇతర వాడుకకో పనికివచ్చేట్టు చేసే పద్ధతులను ఆర్సెనిక్ జీవశుద్ధి అంటారు. నేల మీద ఒలికిన నూనెను, పైరు మీద చల్లిన పురుగుమందును కొన్ని బాక్టీరియా ఆహారంగా తీసుకుని బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా విడగొట్టగలవు. ఆర్సెనిక్ మూలకం గనుక దానిని ఏ జీవీ విడగొట్టలేదు. బాక్టీరియా చేయగలిగినదల్లా దానిని ఆక్సీకరించడం లేదా క్షయకరించడం, ఇనుముతోనో గంధకంతోనో కలిపి ఘనపదార్థంగా అడుగుకు దించడం, కణం లోపల పట్టి ఉంచడం, వాయువుగా మార్చి గాలిలోకి వదలడం మాత్రమే. అందుచేత ఈ రంగంలో ఏ పద్ధతి విలువనైనా, నీటి నుంచి తీసిన ఆర్సెనిక్ చివరకు ఎక్కడికి చేరింది, అక్కడ ఎంతకాలం కదలకుండా ఉంటుంది అన్న ప్రశ్నలతోనే నిర్ణయించవలసి ఉంటుంది.

రూపాలు, విషగుణం

ఆర్సెనిక్ పరమాణు సంఖ్య 33. ఆవర్తన పట్టికలో దాని స్థానం ఫాస్ఫరస్‌కు సరిగ్గా కింద. మన వైద్య గ్రంథాలకు, రంగుల అంగళ్లకు చిరకాలంగా తెలిసిన తెల్లపాషాణం ఆర్సెనిక్ ఆక్సైడు కాగా, పసుపుపచ్చని హరిదళం, ఎర్రని మణిశిల దాని సల్ఫైడులు. భూగర్భజలంలో మాత్రం ఇది ప్రధానంగా రెండు రూపాల్లో కనిపిస్తుంది. గాలి సోకే నీటిలో ఐదు సంయోజకత గల ఆర్సెనేట్‌గా, ఆక్సిజన్ అందని లోతు నీటిలో మూడు సంయోజకత గల ఆర్సెనైట్‌గా ఉంటుంది. ఆర్సెనేట్ నిర్మాణంలో ఫాస్ఫేట్‌ను పోలి ఉండడం వల్ల, ఫాస్ఫేట్‌ను లోపలికి తెచ్చే మార్గాల గుండానే జీవకణంలోకి ప్రవేశించి, శక్తిని నిలవచేసే ఏటీపీ తయారీని చెడగొడుతుంది. ఆర్సెనైట్ గ్లిసరాల్ ప్రవేశించే రంధ్రాల గుండా లోపలికి వచ్చి, ప్రోటీన్లలోని గంధకపు పరమాణువులను గట్టిగా పట్టుకుని ఎంజైములను పనిచేయనివ్వదు. రెండింటిలో ఎక్కువ విషపూరితమైనది ఇదే.

శుద్ధి చేసేవారికి విషతీవ్రత కన్నా ముఖ్యమైన భేదం మరొకటి ఉంది. సాధారణ బావి నీటి ఆమ్ల-క్షార స్థాయిలో ఆర్సెనేట్‌కు ఋణావేశం ఉంటుంది గనుక అది ఇనుము, అల్యూమినియం ఆక్సైడుల ఉపరితలానికి సులువుగా అంటుకుంటుంది. ఇలా ఉపరితలానికి అంటుకోవడాన్నే అధిశోషణం అంటారు. ఆర్సెనైట్‌కు అదే నీటిలో విద్యుదావేశం ఉండదు కాబట్టి అది అంత గట్టిగా అంటుకోకుండా వడపోత పదార్థాన్ని దాటి పోతుంది. అందువల్ల పటికతో గాని ఇనుప లవణాలతో గాని నీటిని తేర్చే పద్ధతులన్నిటిలో ముందుగా ఆర్సెనైట్‌ను ఆర్సెనేట్‌గా మార్చుకోవలసి వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ ఒక్కటే ఈ మార్పు తేవాలంటే రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. క్లోరిన్, పొటాషియం పర్మాంగనేట్, ఓజోన్ వంటివి దీనిని క్షణాల్లోనో నిమిషాల్లోనో చేస్తాయి గాని, అవి కొనవలసిన, తరలించవలసిన, జాగ్రత్తగా కలపవలసిన రసాయనాలు. బాక్టీరియాకు ఈ రంగంలో చోటు దొరికింది ముఖ్యంగా ఇక్కడే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో తాగునీటిలో ఆర్సెనిక్‌కు లీటరుకు 10 మైక్రోగ్రాముల మార్గదర్శక పరిమితిని నిర్దేశించింది. భారతీయ ప్రమాణమూ అదే. బంగ్లాదేశ్‌లో 50 మైక్రోగ్రాములు. ఏళ్ల తరబడి పరిమితి మించిన నీరు తాగినవారికి మొదట చర్మం మీద నల్లని మచ్చలు, అరచేతుల్లోను అరికాళ్లలోను గట్టిపడిన బుడిపెలు కనిపిస్తాయి; తర్వాతి దశల్లో చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయాల క్యాన్సర్లు రావచ్చు. ఈ నీటికి రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. కాచినందువల్ల విషం పోకపోగా, నీరు ఆవిరై తగ్గిన మేరకు దాని గాఢత పెరుగుతుంది.

గంగా-బ్రహ్మపుత్ర డెల్టా

ఈ సమస్య అత్యంత విస్తృతంగా బయటపడిన ప్రదేశం పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌ల డెల్టా భూమి. చెరువుల, కాలువల నీరు తాగి కలరా, అతిసారాలతో పిల్లలు చనిపోతున్న కాలంలో, 1970ల నుంచి యూనిసెఫ్ వంటి సంస్థల తోడ్పాటుతో ఊరూరా చేతిపంపుల గొట్టపు బావులు వేశారు. రోగక్రిములు లేని నీరు దొరికింది గాని, ఆ నీటిలో ఆర్సెనిక్ ఉందేమోనన్న పరీక్ష ఆనాడు ఎవరూ చేయలేదు. 1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌కు చెందిన చర్మవైద్యుడు కె.సి. సాహా పల్లెల నుంచి వచ్చిన రోగుల చర్మం మీది మచ్చలను ఆర్సెనిక్ విషానికి గుర్తులుగా పోల్చుకోగా, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి బృందం ఆ తర్వాత దశాబ్దాల పాటు వేల బావుల నీటిని పరీక్షించింది. బంగ్లాదేశ్‌లో ఇది 1993లో బయటపడింది. 2000లో అలన్ స్మిత్, ఆయన సహచరులు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో రాస్తూ, ఆ దేశపు పన్నెండున్నర కోట్ల జనాభాలో 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మంది వరకు ముప్పులో ఉన్నారని లెక్కగట్టి, దీనిని చరిత్రలోనే అతి పెద్ద సామూహిక విషప్రయోగంగా వర్ణించారు. బ్రిటిష్ జియలాజికల్ సర్వే బంగ్లాదేశ్ ప్రభుత్వ శాఖతో కలిసి జరిపి 2001లో ప్రకటించిన సర్వేలో, లోతు తక్కువ బావుల్లో 27 శాతం 50 మైక్రోగ్రాములను, 46 శాతం 10 మైక్రోగ్రాములను మించి ఉన్నాయి. తర్వాతి కాలంలో బిహార్, ఉత్తరప్రదేశ్, అస్సాం రాష్ట్రాల నదీతీర జిల్లాల్లో కూడా ఇదే స్థితి కనిపించింది.

ఆర్సెనిక్ ఈ నీటిలోకి ఏ కార్ఖానా నుంచో వచ్చింది కాదు. హిమాలయాల నుంచి కొట్టుకువచ్చిన ఒండ్రు రేణువుల మీద తుప్పు పూతలా ఉండే ఇనుప ఆక్సైడులకు అది అంటుకుని ఉంటుంది. ఒండ్రుతో పాటు పూడుకుపోయిన ఆకు అలము కుళ్లి ఆక్సిజన్ అయిపోయిన చోట, కొన్ని బాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు ఇనుప ఆక్సైడుతో శ్వాసిస్తాయి. అంటే సేంద్రియ పదార్థం నుంచి తీసిన ఎలక్ట్రాన్లను దానికి అప్పగిస్తాయి. అలా క్షయకరణం చెందిన ఇనుము నీటిలో కరిగిపోతుంది, దానిని అంటుకుని ఉన్న ఆర్సెనిక్ విడివడుతుంది. ఈ వివరణను 1998లో నిక్సన్, ఆయన సహచరులు ప్రతిపాదించగా, 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ లాయిడ్ బృందం బెంగాల్ డెల్టా మట్టిని సీసాల్లో ఉంచి, అసిటేట్‌ను ఆహారంగా ఇచ్చి, ఆ మట్టిలో సహజంగా ఉన్న బాక్టీరియాయే ఆర్సెనిక్‌ను విడుదల చేస్తున్నాయని చూపింది. ఆ ప్రయోగంలో ఇనుము క్షయకరణం మొదట జరిగి, ఆర్సెనిక్ ఆ తర్వాత గాని నీటిలోకి రాలేదు. కాబట్టి ఇక్కడ నీటిని విషపూరితం చేసినవీ బాక్టీరియాయే; శుద్ధి చేసేవారు ఆశ్రయించేదీ ఆ సూక్ష్మజీవ ప్రపంచాన్నే. ఆక్సిజన్ అందేది ఎక్కడ, అందనిది ఎక్కడ అన్నదే ఈ రెండు పనులనూ వేరుచేసే గీత.

బాక్టీరియా మార్గాలు

ఆర్సెనిక్‌తో బాక్టీరియా నడిపే వ్యవహారాల్లో అన్నిటికన్నా విస్తృతమైనది ఆత్మరక్షణ. ఆర్స్ అనే జన్యువుల గుంపు దీనికి ఆధారం. బాక్టీరియాలో ప్రధాన క్రోమోజోముకు వెలుపల ఉండే ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఈ ప్రతిరోధశక్తి ఉందని స్టాఫిలోకోకస్ ఆరియస్ మీద జరిగిన పరిశోధనల్లో 1960లలోనే తెలిసింది. దాని పనితీరును తర్వాత సైమన్ సిల్వర్, బ్యారీ రోజెన్ వంటివారు విప్పి చూపారు. ఈ గుంపులోని ఆర్స్-ఆర్ అనే ప్రోటీను మామూలు వేళల్లో మిగిలిన జన్యువులను పనిచేయనివ్వకుండా ఆపి, ఆర్సెనైట్ తగలగానే పక్కకు తప్పుకుంటుంది; ఆర్స్-సి ఆర్సెనేట్‌ను ఆర్సెనైట్‌గా మారుస్తుంది; ఆర్స్-బి ఆ ఆర్సెనైట్‌ను కణం బయటికి తోడేస్తుంది. బాక్టీరియా తనను తాను కాపాడుకోవడానికి తక్కువ విషాన్ని ఎక్కువ విషంగా మార్చి నీటిలోకి నెట్టడం ఇందులోని వింత. ఒక బాక్టీరియా ఆర్సెనిక్‌ను తట్టుకుని బతుకుతోందన్న ఒక్క కారణంతో దానిని జలశుద్ధికి తగినదిగా ప్రకటించే ప్రయోగశాల పత్రాలు కొల్లలుగా వస్తుంటాయి గాని, తట్టుకోవడం వేరు, శుద్ధి చేయడం వేరు.

శుద్ధికి నిజంగా పనికివచ్చేవి ఆర్సెనైట్‌ను ఆక్సీకరించే బాక్టీరియా. వీటి కథ పశువుల తొట్లలో మొదలైంది. పిడుదులను చంపడానికి పశువులను ఆర్సెనైట్ ద్రావణపు తొట్లలో ముంచి తీసే అలవాటు దక్షిణాఫ్రికాలో ఉండేది. కొంతకాలానికి ఆ ద్రావణం బలం తగ్గిపోతూ ఉండేది. 1918లో గ్రీన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ తొట్టిలో ఆర్సెనైట్‌ను ఆర్సెనేట్‌గా మారుస్తున్న బాక్టీరియాను వేరుచేశాడు. ఆస్ట్రేలియాలో 1940ల చివర టర్నర్ ఇలాంటివాటిని మళ్లీ తొట్లలోనే కనుగొన్నాడు. ఈ పనిచేసే ఆర్సెనైట్ ఆక్సిడేజ్ ఎంజైమును 1992లో ఆల్కాలిజీన్స్ ఫేకాలిస్ నుంచి శుద్ధరూపంలో తీశారు. అందులో ఆర్సెనైట్ నుంచి ఎలక్ట్రాన్లు లాగే మాలిబ్డినం కేంద్రం, వాటిని ముందుకు చేరవేసే ఇనుము-గంధకపు గుచ్ఛాలు ఉంటాయి. దానిని తయారుచేసే జన్యువులను ఇప్పుడు ఐయో జన్యువులని వ్యవహరిస్తున్నారు.

వీటిలో కొన్ని ఆర్సెనైట్‌ను విషం వదిలించుకోవడానికి మాత్రమే ఆక్సీకరిస్తే, మరికొన్ని దానితోనే బతుకుతాయి. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని ఒక బంగారు గని నుంచి జొయాన్ శాంటినీ, ఆమె సహచరులు తీసి 2000లో వర్ణించిన ఎన్‌టీ-26 అనే బాక్టీరియా, ఆర్సెనైట్ ఆక్సీకరణ నుంచి శక్తిని, బొగ్గుపులుసు వాయువు నుంచి కర్బనాన్ని తీసుకుంటూ, మరే సేంద్రియ ఆహారమూ లేకుండా దాదాపు ఏడున్నర గంటలకొకసారి రెట్టింపవుతుంది. ఇటువంటివి నీటిశుద్ధికి ఎక్కువ అనుకూలం, ఎందుకంటే తాగబోయే నీటిలో వాటి కోసం చక్కెరనో అసిటేట్‌నో కలపవలసిన అవసరం ఉండదు. ఆక్సిజన్ లేని చోట నైట్రేట్‌ను వాడుకుని ఆర్సెనైట్‌ను ఆక్సీకరించే జాతులూ ఉన్నాయి. కాలిఫోర్నియాలోని ఉప్పునీటి మోనో సరస్సు నుంచి తీసిన ఆల్కలిలిమ్నికోలా ఎర్లికియై వాటిలో ఒకటి.

దీనికి వ్యతిరేకదిశలో, ఆర్సెనేట్‌తో శ్వాసించి దానిని ఆర్సెనైట్‌గా మార్చే బాక్టీరియాను మొదట 1994లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, కలుషితమైన ఒక నదీ పరీవాహకంలో గుర్తించారు. మరికొన్ని సూక్ష్మజీవులు ఆర్సెనిక్‌కు మీథైల్ గుంపులను తగిలించి వాయువుగా మారుస్తాయి. పచ్చని ఆర్సెనిక్ రంగు వేసిన గోడకాగితాల నుంచి, చెమ్మ తగిలినప్పుడు, వెలువడే విషవాయువు బూజు పనేనని ఇటలీ శాస్త్రజ్ఞుడు గోసియో 1890లలోనే చూపాడు. బాక్టీరియాలో ఈ పనిచేసే ఆర్స్-ఎమ్ జన్యువును రోజెన్ బృందం 2006లో వర్ణించింది. నీటిలోని విషాన్ని గాలికెక్కించడం తాగునీటి కేంద్రానికి తగిన పరిష్కారం కాదు గనుక ఈ మార్గం ప్రయోగశాల దాటి పెద్దగా రాలేదు.

ఇక్కడ ఒక అపోహను కూడా ప్రస్తావించాలి. 2010లో మోనో సరస్సు నుంచి తీసిన జీఎఫ్ఏజే-1 అనే బాక్టీరియా తన డీఎన్ఏలో ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్‌ను వాడుకుంటోందని ప్రకటించినప్పుడు అది పత్రికల్లో సంచలనమైంది. 2012లో రెండు స్వతంత్ర పరిశోధనలు ఆ వాదాన్ని తోసిపుచ్చాయి. ఆ వ్యాసాన్ని ప్రచురించిన సైన్స్ పత్రిక 2025లో దానిని ఉపసంహరించింది. అది ఆర్సెనిక్‌ను బాగా తట్టుకునే బాక్టీరియా మాత్రమే.

ఆచరణలో

బాక్టీరియాతో ఆర్సెనిక్ శుద్ధి అనగానే ప్రయోగశాలలో పెంచిన జాతిని నీటిలో చల్లడం గుర్తుకు రావచ్చు గాని, ఆచరణలో ఎక్కువగా పనిచేస్తున్నవి ఎవరూ చల్లకుండానే వచ్చి చేరిన బాక్టీరియా. భూగర్భజలానికి గాలి తగిలించి ఇసుక పడకల గుండా పంపే మామూలు వడపోత కేంద్రాల్లో, ఇసుక రేణువుల మీద బాక్టీరియా జిగురుపొరగా పేరుకుంటాయి. నెదర్లాండ్స్‌లోని ఇలాంటి కేంద్రాల్లో డెల్ఫ్ట్ పరిశోధకులు జరిపిన అధ్యయనాలు, ఆర్సెనైట్ ఈ ఇసుక పొరలో త్వరగా ఆర్సెనేట్‌గా మారుతోందని, ఆ పని చేస్తున్నవి అక్కడ సహజంగా స్థిరపడిన బాక్టీరియా అని తేల్చాయి. కొత్త ఇసుక వేసినప్పుడు ఆ పొర ఏర్పడడానికి వారాలు పడుతుంది. అందువల్ల ఇసుకను మరీ శుభ్రంగా కడిగితే పని చెడుతుంది.

ఇనుము ఎక్కువగా ఉన్న నీటిలో ఇంకొక సౌలభ్యం ఉంది. గాలియోనెల్లా, లెప్టోత్రిక్స్ అనే బాక్టీరియా కరిగిన ఇనుమును ఆక్సీకరించి, మెలితిరిగిన కాడలుగానో గొట్టాల వంటి తొడుగులుగానో ఇనుప ఆక్సైడును పేరుస్తాయి. ఆ ఆక్సైడే ఆర్సెనిక్‌ను పట్టుకునే పదార్థం. గ్రీస్‌లో థెస్సలొనీకి విశ్వవిద్యాలయానికి చెందిన కాట్సొయియానిస్, జుబూలిస్ 2000ల తొలి సంవత్సరాల్లో, ఇలాంటి వడపోత గొట్టాల్లో ఇనుము, ఆర్సెనిక్ ఒకేసారి తొలగుతాయని, ఆర్సెనైట్ కూడా రసాయనమేదీ కలపకుండానే ఆక్సీకరణం చెందుతుందని చూపారు. బెంగాల్ నీటిలో ఆర్సెనిక్‌తో పాటు ఇనుము కూడా వస్తుంది కాబట్టి ఈ మార్గం అక్కడికి సహజంగా సరిపోతుంది. అయితే ఆ నీటిలోనే ఉండే ఫాస్ఫేట్, ఇసుక ఖనిజాల నుంచి కరిగిన సిలికేట్ ఇనుప ఆక్సైడు మీద చోటు కోసం ఆర్సెనేట్‌తో పోటీపడతాయి. ఇనుము చాలినంత లేకపోతే ఆర్సెనిక్ మిగిలిపోతుంది.

ఈ పనిని భూమి లోపలే చేయించే పద్ధతిని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో యూరోపియన్ యూనియన్ సహాయంతో పశ్చిమ బెంగాల్ పల్లెల్లో పరీక్షించారు. బోరు నుంచి తోడిన నీటిలో కొంత భాగానికి గాలి బాగా తగిలించి తిరిగి అదే బోరులోకి వదిలితే, బోరు చుట్టూ ఉన్న పొరలో ఆక్సిజన్ గల మండలం ఏర్పడి, అక్కడి ఇనుప బాక్టీరియా చురుకై, ఇనుము, ఆర్సెనిక్ రెండూ ఇసుక రేణువుల మీదే పట్టుబడతాయి. నేల మీదికి ఆర్సెనిక్ బురద రాకపోవడం దీనిలోని పెద్ద లాభం. గాలి తగిలించిన నీటిని క్రమం తప్పకుండా లోపలికి పంపడం మానేస్తే ఆ మండలం మళ్లీ ఆక్సిజన్ లేనిదవుతుంది గనుక, నిర్వహణ నిలకడగా సాగాలి.

భారతదేశంలో పుణేలోని అగార్కర్ పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 2002లో మైక్రోబాక్టీరియం లాక్టికం అనే బాక్టీరియాతో ఆర్సెనైట్‌ను ఆక్సీకరించి భూగర్భజలాన్ని శుద్ధి చేసే ప్రయోగాలను ప్రకటించారు. అక్కడ కూడా బాక్టీరియా పని ఆక్సీకరణం వరకే. ఏర్పడిన ఆర్సెనేట్‌ను నీటి నుంచి తీసేది వేరే పదార్థం.

గనుల నీటి సంగతి వేరు. అక్కడ ఆర్సెనిక్ మైక్రోగ్రాముల్లో కాక మిల్లీగ్రాముల్లో ఉంటుంది, నీరు ఆమ్లపూరితం. ఫ్రాన్స్ దక్షిణాన మూతబడిన కార్నులేస్ సీసపు గని నుంచి పారే వాగులో థియోమోనాస్, ఆసిడిథియోబాసిల్లస్ జాతులు మానవ ప్రమేయం లేకుండానే ఇనుమును, ఆర్సెనిక్‌ను కలిపి పసుపుపచ్చని మడ్డిగా దించుతున్నాయి. మొదటి ముప్పై మీటర్ల ప్రవాహంలోనే కరిగిన ఆర్సెనిక్‌లో 20 నుంచి 60 శాతం వరకు అలా విడిపోతుందని కొలతలు చెబుతున్నాయి. ఆక్సిజన్ లేని తొట్లలో సల్ఫేట్‌ను క్షయకరించే బాక్టీరియాను పెంచితే అవి హైడ్రోజన్ సల్ఫైడును ఉత్పత్తి చేసి, ఆర్సెనిక్‌ను హరిదళంగా అవక్షేపిస్తాయి. సల్ఫైడు మోతాదు మించితే మాత్రం ఆర్సెనిక్ గంధకంతో కూడిన కరిగే సమ్మేళనాలుగా మారి తిరిగి నీటిలోకి వస్తుంది. ఈ పద్ధతిలో కష్టమంతా ఆ మోతాదును నిలబెట్టడంలోనే ఉంది. లోహపు కర్మాగారాల వ్యర్థజలానికి నెదర్లాండ్స్‌లోని వాహెనింగెన్ పరిశోధకులు 80 డిగ్రీల వేడిలో బతికే ఆసిడియానస్ అనే సూక్ష్మజీవితో స్కోరొడైట్ అనే స్థిరమైన ఇనుప ఆర్సెనేట్ స్ఫటికాలు తయారుచేయించారు. ఇది నిజానికి బాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే వర్గానికి చెందినది.

జన్యుమార్పిడి బాక్టీరియా మీద పరిశోధన చాలా జరిగింది. 2004లో అమెరికాలో ఆర్స్-ఆర్ ప్రోటీనును అధికంగా తయారుచేసే ఈ. కోలి కణాలతో ఆర్సెనిక్‌ను నీటి నుంచి పట్టి తీశారు. వాటిని తాగునీటిలోకి అనుమతించే వ్యవస్థ ఎక్కడా లేదు. అదే ఆర్స్-ఆర్ మరో విధంగా ఉపకరించింది: ఆర్సెనైట్ తగలగానే వెలుగునిచ్చే బాక్టీరియాను స్విట్జర్లాండ్ పరిశోధకులు తయారుచేసి వియత్నాం బావుల నీటి పరీక్షకు వాడారు. శుద్ధి కన్నా పరీక్షలోనే ఈ జన్యువులు ఎక్కువ అక్కరకు వచ్చాయనవచ్చు.

తెలుగు ప్రాంతాలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో భూగర్భజలానికి ప్రధానమైన పీడ ఫ్లోరైడ్. పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే నల్లగొండ పద్ధతి దాని కోసం రూపొందినదే. ఆర్సెనిక్ ఇక్కడ విస్తృత సమస్య కాదు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో మాత్రం మట్టిలోను నీటిలోను ఆర్సెనిక్ ఉన్నట్టు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థతో సహా నగరంలోని శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అది పరిశ్రమల వ్యర్థాల నుంచి వచ్చినది కనుక, బెంగాల్ ఒండ్రు నీటికి తగిన పద్ధతులను అక్కడ నేరుగా అన్వయించడానికి వీలుండదు. ఇతర లోహాలు, సేంద్రియ రసాయనాలు కలిసిన నీటిలో ఆర్సెనైట్‌ను ఆక్సీకరించే బాక్టీరియా నిలదొక్కుకుంటాయో లేదో ముందు పరీక్షించుకోవాలి.

మిగిలిన బురద

తాగునీటికి జీవశుద్ధి వాడినప్పుడు చివరలో క్రిమిసంహారం తప్పనిసరి, ఎందుకంటే బాక్టీరియా పొర నుంచి తెగిన కణాలు నీటితో వస్తాయి. అంతకన్నా క్లిష్టమైనది వడపోతలో మిగిలే ఇనుము-ఆర్సెనిక్ బురద. దానిని చెత్తకుప్పలోనో, చెరువు గట్టునో, ఆవుపేడతో కలిపి గోతిలోనో పూడ్చితే, ఆక్సిజన్ అయిపోయిన వెంటనే ఇనుముతోను ఆర్సెనేట్‌తోను శ్వాసించే బాక్టీరియా దాని మీద పడి, డెల్టా మట్టిలో జరిగిన క్రియనే కొద్ది నెలల్లో మళ్లీ జరిపిస్తాయి. ఈ కారణంగానే పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో అల్యూమినా గుళికలతో నీటి కేంద్రాలు నెలకొల్పిన బెంగాల్ ఇంజనీరింగ్ కళాశాల, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయాల బృందం, గుళికలను కడిగినప్పుడు వచ్చే ఆర్సెనిక్ మడ్డిని మూసిన గోతుల్లో కాక, గాలి నిరంతరం ఆడే ముతక ఇసుక పడకల మీద నిలవచేసే ఏర్పాటు చేసింది. ఇటుకల్లోను సిమెంటులోను ఆ మడ్డిని కలిపి బంధించే ప్రయత్నాలు కూడా జరిగాయి. ఇటుక కాల్చే వేడికి ఆర్సెనిక్‌లో కొంత ఆవిరై పోయే అవకాశం ఉన్నందువల్ల, బట్టీ పొగను కూడా పరీక్షించవలసి వస్తుంది.